గోదావరిఖని గోడ మీద జర్మనీ రైలు పార్సిల్ స్టాంపులు

పోయిన ఫిబ్రవరి చివర్లో తెలియని నంబరు నుంచి నా ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. అద్దం బిగించిన ఫ్రేము, అందులో అట్ట మీద అతికించిన రంగు కాగితం ముక్కలు, అద్దం మీద ట్యూబ్‌లైటు మెరుపు. కింద ఒకే వాక్యం: “మేడం, ఇవి మీ బ్లాగులో ఉన్నవేనా?” పంపినామె పేరు నసీమా. గోదావరిఖనిలో ఆడవాళ్ల బట్టలు కుట్టే టైలరు. ఇంట్లో గోడకున్న ఫ్రేమును ఫొటో తీసి ఇంటర్నెట్‌లో వెతికితే నా పాత పోస్టు ఒకటి కనిపించిందట. నేను ఫొటోను పెద్దది చేసి చూశాను. అవే.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం కొంచెం చెప్పాలి. నేను సేకరించేవి మామూలు తపాలా స్టాంపులు కావు. జర్మనీలో ఒకప్పుడు పల్లెల మధ్య తిరిగే చిన్న చిన్న రైలు లైన్లు చాలా ఉండేవి. పార్సిల్ పంపాలనుకున్నవాళ్లు దాన్ని స్టేషన్‌లో ఇస్తే తర్వాత వచ్చే రైల్లో వేసి పంపేవాళ్లు. ఛార్జీ ముట్టిందనే గుర్తుగా ఆ లైను నడిపే సంస్థ తన సొంత స్టాంపును పార్సిల్ కాగితానికి అంటించేది. తపాలా స్టాంపుల కంటే ఇవి కొంచెం పెద్దవి. ధర, వరుస నంబరు, కొన్నిటి మీద స్టేషన్ పేరు కూడా అచ్చు వేసి ఉంటాయి. ఆ లైన్లలో చాలావరకు మూతపడ్డాయి. హనుమకొండలో బ్యాంకు ఉద్యోగం చేసుకునే నాకు ఇవెందుకని ఇంట్లోవాళ్లు అడగడం మానేసి చాలా కాలమైంది. నసీమా పంపిన ఫొటోలో కింది వరసన ఒక ఆకుపచ్చ స్టాంపు ఉంది. దాని మీద రెక్కలున్న చక్రం బొమ్మ. ఆ లైను స్టాంపుల్లో నా దగ్గర లేనిది అదొక్కటే. నేను బయల్దేరింది దానికోసమే. వీలైతే కొని తెచ్చుకుందామని, ఆ ఆదివారం పొద్దున్నే కాజీపేట స్టేషన్‌కు వెళ్లాను.

కాజీపేట నుంచి రామగుండానికి జనరల్ టికెట్ వంద రూపాయలలోపే. పొద్దున రైళ్లు రెండు మూడు ఉంటాయి. ఎక్కడా ఎక్కువసేపు ఆగకపోతే ప్రయాణం రెండు గంటలు కూడా పట్టదు. జమ్మికుంట దాటేదాకా పొలాలే కనిపిస్తాయి. పెద్దపల్లి తర్వాత పక్క పట్టాల మీద బొగ్గు వ్యాగన్లు మొదలవుతాయి. వాటి వరస ఎంతకీ తెగదు. రామగుండంలో దిగేసరికి దూరంగా పవర్‌ప్లాంటు పొగ గొట్టాలు, వాటి పక్కన నడుము సన్నగా ఉన్న పెద్ద కూలింగ్ టవర్లు కనిపించాయి. మార్చి మొదటి వారమే, అయినా ప్లాట్‌ఫారం మీద ఎండ అప్పుడే గట్టిగా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రయాణం పెట్టుకోకపోవడమే మంచిది.

స్టేషన్ బయట గోదావరిఖనికి షేర్ ఆటోలు దొరుకుతాయి. మనిషికి ముప్పై రూపాయలు తీసుకుంటున్నారు. నేను ఎక్కిన ఆటో నడిపే ఆయన పేరు శంకర్. ముందు సీట్లో ఆయన పక్కన డ్యూటీకి వెళ్లే కార్మికుడొకాయన కూర్చున్నాడు. జ్యోతినగర్ దగ్గర రోడ్డు నీటుగా, చెట్ల నీడలో ఉంటుంది. అది దాటాక టార్పాలిన్ కప్పిన బొగ్గు లారీలు ఎదురవుతాయి. దుమ్ము లేవకుండా రోడ్డు తడిపే ట్యాంకరు వెనక కొంతసేపు మెల్లగా నడవాల్సి వచ్చింది. గోదావరిఖనిలో ఎక్కడ దిగాలని శంకర్ అడిగితే, టైలర్ నసీమా ఇల్లని చెప్పాను. ఆయనకు తెలియలేదు. వాళ్ల నాన్న మోటార్లు రిపేరు చేసేవారట, పేరు గౌస్ అన్నాను.

“జర్మనీ గౌస్ సాబ్ ఇల్లా అక్కా? ముందుగాల గట్ల చెప్పొద్దా,” అన్నాడు శంకర్. “ఆయన ఎప్పటికైనా జర్మనీ పోతడు. టికెట్లు గోడకు పెట్టుకున్నడు.”

ముందు సీటులోని కార్మికుడు నవ్వాడు. తాను చిన్నప్పటి నుంచీ ఆ మాట వింటున్నానన్నాడు. ఇద్దరూ ఎగతాళిగా అనలేదు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టే చెప్పారు. ఏ టికెట్ల గురించి మాట్లాడుతున్నారో నాకు వెంటనే తట్టలేదు. ఆటో దిగి సందులో నడుస్తుంటే అర్థమైంది.

నసీమా ఇల్లు పెద్ద రోడ్డు నుంచి రెండో సందులో ఉంది. ముందు గదిలో కుట్టుమిషను, హ్యాంగర్లకు వేలాడుతున్న జాకెట్లు. ఒకప్పుడు వాళ్ల నాన్న వర్క్‌షాపు అక్కడే ఉండేదట. నేల మీద నూనె మరకలు ఇంకా పోలేదు. నసీమాకు యాభై దాటి ఉంటాయి. భర్త గనిలో పని చేస్తాడు, ఆ రోజు మొదటి షిఫ్టులో ఉన్నాడు. ఆమె నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, వాళ్ల నాన్న మసీదుకు వెళ్లాడని, నమాజు కాగానే వస్తాడని చెప్పింది. ఫ్రేము నా ఎదురుగానే, గోడ గడియారం కింద ఉంది. లేచి దగ్గరికి వెళ్లి చూశాను. స్టాంపులు పది. అన్నీ ఒకే లైనువి. ఏ ఒక్కటీ వాడింది కాదు. వాటిని మైదా బంకతో అట్టకు అతికించారు. ఆకుపచ్చ దాని రంగు కొంచెం వెలిసింది, అంచులు మాత్రం బాగున్నాయి.

అవేమిటో ఆమె అడిగింది, నేను చెప్పాను. ఆమె మిషను మీది గుడ్డను మడిచి పక్కన పెట్టింది. తర్వాత ఫొటో పంపిన కారణం చెప్పింది. ఎరువుల ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో మిషన్లు బిగించడానికి బయటి దేశాల నుంచి కొందరు వచ్చారు. వాళ్లలో ఒక జర్మనీ ఫిట్టరు కింద వాళ్ల నాన్న పనిచేశాడు. వెళ్లిపోయేటప్పుడు ఆ మనిషి ఇచ్చినవి ఇవి. తన ఊరికి రమ్మని రైలు టికెట్లు ఇచ్చాడని వాళ్ల నాన్న నమ్మకం. పనిలో ఉన్నన్నాళ్లూ అది సరదాగా చెప్పుకునే మాటే. రెండేళ్లుగా, పని పూర్తిగా మానుకుని ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి మాత్రం ఆయన రోజూ ఆ టికెట్ల గురించే అడుగుతున్నాడట. ఇంకా చెల్లుతాయా, ఎవరినైనా కనుక్కో, అని. ఆయన కోసమే ఆమె కనుక్కుంది. అవి టికెట్లే కావని ఇప్పుడు తెలిసింది.

“అబ్బకు చెప్పకుండ్రి అక్కా,” అంది. “చెల్లయని చెప్పుండ్రి, చాలు. టికెట్లే కాదంటె ఆయన తట్టుకోడు.”

సరేనన్నాను. నాకేమీ కష్టమైన పనిగా అనిపించలేదు. ఆ లైను మూతపడ్డ సంగతి నిజమే కాబట్టి అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

గౌస్ సాబ్ వచ్చారు. ఎనభై దాటిన మనిషి, పొడుగ్గా, కొంచెం వంగి, చేతికర్ర లేకుండా నడుస్తారు. నా గురించి కూతురు ముందే చెప్పినట్టుంది. మొదట భోజనం, తర్వాతే మాటలన్నారు. బగారా అన్నం, పుల్లటి ఖట్టా చారు, వంకాయ కూర. తింటున్నంతసేపూ ఆయనే మాట్లాడారు. ఇంట్లో వాళ్లు దక్కనీలో మాట్లాడుకుంటారు, నా ముందు మాత్రం తెలుగులోనే చెప్పారు. ఆ జర్మనీ మనిషిని ఆయన విల్లీ సాబ్ అంటారు. విల్లీ సాబ్‌కు తెలుగు రాదు, ఈయనకు జర్మన్ రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంత మాత్రమే. ఎండాకాలంలో వేడికి పైపులు ముట్టుకోలేక పొద్దున చీకటితోనే పని మొదలుపెట్టేవాళ్లు. ఒకసారి విల్లీ సాబ్‌కు కామెర్లు వస్తే ఈయన దవాఖానకు తీసుకెళ్లి, తగ్గేదాకా రోజూ ఇంటి నుంచి మజ్జిగన్నం పట్టుకెళ్లారు. విల్లీ సాబ్ తండ్రి వాళ్ల ఊరి స్టేషన్‌లో పనిచేసేవాడట. ఆ ఊరి పేరు గౌస్ సాబ్‌కు గుర్తుంది, నోయ్‌డార్ఫ్. జర్మనీలో ఆ పేరుతో చాలా ఊళ్లున్నాయి. ఫ్రేములోని రెండు స్టాంపుల మీద ఆ పేరే ఉంది.

చేతులు కడుక్కుని ముందు గదిలోకి వచ్చాక ఆయన అడిగారు. “మీరు చదువుకున్నోళ్లు బిడ్డా. చెప్పుండ్రి, ఇవి ఇంక చెల్లుతయా?”

ఆ లైను మూసేసి చాలా ఏళ్లయిందని, పట్టాలు కూడా తీసేశారని చదివానని చెప్పాను. మాట అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఆయన తలాడించి, కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు. నసీమా మిషను దగ్గరికి వెళ్లి కుట్టడం మొదలుపెట్టింది.

ఆయన తనలో తాను చెప్పుకుంటున్నట్టు చెప్పడం మొదలుపెట్టారు. మొదట తమ్ముడి చదువని ఆగారు. తర్వాత నసీమా పుట్టిందని ఆగారు. తర్వాత ఫ్యాక్టరీ మూతపడి, వర్క్‌షాపు పెట్టుకుంటే ఒక్క రోజు మూసినా గిరాకీ పోతుందని ఆగారు. ఆ రైలు టికెట్లు చేతిలో ఉన్నా, సముద్రం దాటి అక్కడిదాకా పోవాలంటే విమానానికి కావలసినంత ఎన్నడూ మిగల్లేదు. ఈ సంగతి విల్లీ సాబ్‌కు ఏ భాషలో రాసి తెలపాలో ఆయనకు తెలియలేదు.

“మనిషికొకటి చొప్పున పది ఇచ్చిండు. ఇంట్లోళ్లందర్ని తోల్కరమ్మని,” అన్నారు. “ఆయన తండ్రి స్టేషన్లనే ఉంటడాయె. రైలు వచ్చినప్పుడల్ల చూసిండొచ్చు. ఇయ్యాల రాలే, రేపొస్తడు అని. నేను పోలే. గంత మంచోన్ని ఇన్నేండ్లు ఎదురుచూసేటట్టు చేసిన.”

ఆ మాటలకు మిషను చప్పుడు ఆగింది. నసీమా వైపు చూశాను. ఆమె తల ఎత్తలేదు. అంతవరకు నాకు ఆయన దగ్గరున్నది ఒక ఆశ అనే అనిపించింది. వింటుంటే అది ఆశ కాదని తెలిసింది. పిలిచిన మనిషి ఇంటికి పోలేకపోయానన్న బాధను ఆయన ఇన్నేళ్లుగా మోస్తున్నారు. లైను మూసేశారని నేను చెప్పిన మాట ఆ బాధను తీర్చలేదు. ఇక ఎప్పటికీ వెళ్లలేరని మాత్రమే తేల్చింది. నేను మళ్లీ నసీమా వైపు చూశాను. ఈసారి ఆమె నా కళ్లలోకి చూసింది. అవునని గానీ కాదని గానీ అనలేదు.

“సాబ్, ఇవి మనుషుల టికెట్లు కావు,” అన్నాను. “సామాను పార్సిల్ చేసేటప్పుడు కాగితానికి అంటించేవి. వీటితో మనిషి ప్రయాణం చెయ్యడానికి ఉండదు. అప్పుడు కూడా ఉండేది కాదు.”

ఆయన ఫ్రేము దించమన్నారు. నేనే దించి ఒళ్లో పెట్టాను. లుంగీ కొసతో అద్దం తుడిచి చాలాసేపు చూశారు. ధర ఎక్కడుంది, నంబరు ఎందుకు, అని అడిగితే ఒక్కొక్కటే చూపించాను.

“అయితే ఆయన నన్ను రమ్మనలేదన్నట్టు,” అన్నారు.

నిజం చెప్పకపోయి ఉంటేనే నయమేమోనని ఆ నిమిషంలో అనిపించింది. ఆయన కోపంగా లేరు. ఏడుస్తారని నేను భయపడ్డాను, ఏడవలేదు. తనకు తప్పుగా అర్థమయ్యే వీలు లేదని నిరూపించడానికన్నట్టు, ఆ రోజు జరిగింది చేతులతో చూపించారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర జీపు ఆగి ఉంది. విల్లీ సాబ్ జేబులోంచి ఈ కాగితాలు తీశాడు. రెక్కల చక్రం మీద వేలు పెట్టాడు. తర్వాత చెయ్యి గాలిలో ఇలా పొడుగ్గా కదిలించి నవ్వాడు. భుజం తట్టి జీపు ఎక్కాడు.

నసీమా కుర్చీలోంచి లేచి వచ్చింది. తెలుగులోనే మాట్లాడింది, నాకు కూడా అర్థం కావాలనేమో.

“అబ్బా, చెయ్యి మళ్లొకపారి చూపియ్యి.”

ఆయన చూపించారు. కుడిచెయ్యి దూరాన మొదలై, గాలిలో అడ్డంగా వచ్చి, అప్పుడు విల్లీ సాబ్ చెయ్యి ఆగినట్టే ఆయన ఛాతీ దగ్గర ఆగింది.

“నీ దిక్కెల్లి ఆయన దిక్కు పోయిందా, ఆయన దిక్కెల్లి నీ దిక్కు వచ్చిందా?”

ఆయన చెయ్యి అలాగే ఛాతీ మీద ఉంది. దాన్ని చూసుకున్నారు. “ఆయన దిక్కెల్లి నా దిక్కు,” అన్నారు, కొంచెం ఆగి.

నసీమా లోపలికి వెళ్లి ఒక రేకు పెట్టె తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టి తెరిచింది. లోపల చిన్నదాని నుంచి పెద్దదాని దాకా పానాల సెట్టు. పట్టుకునే చోట అరిగి మెరుస్తున్నాయి. వాటి మీద చెక్కిన అక్షరాలు సగం చెరిగిపోయాయి, మిగిలిన సగం జర్మన్ అని నాకు తెలుస్తోంది.

“ఇవి ఎక్కడియి అబ్బా?”

“విల్లీ సాబ్ పంపినయే. ఆయన పోయినంక కొన్ని నెలలకు వచ్చినయి, ఓడల.”

“ఏమని పంపిండు?”

“జల్ది రమ్మని యాది చేస్తున్నడనుకున్న.”

నసీమా అక్కడే నేల మీద కూర్చుంది. ఆయన ఒక పానా తీసుకుని, రెండు చేతుల్లో అటూ ఇటూ తిప్పారు. నలభై ఏళ్లకు పైగా ఆ పానాలతోనే ఆయన ఊళ్లో మోటార్లన్నీ విప్పి బిగించారట. సందులో ఎవరో స్కూటరు మీద వచ్చి, మిషను ఖాళీ ఉందా అని అడిగితే, నసీమా సాయంత్రం రమ్మంది.

“పంపుత అన్నడు, పంపిండు,” అన్నారు గౌస్ సాబ్ చివరికి. “అయితే నాకోసం చూస్తలేడు.”

“చూస్తలేడు అబ్బా.”

ఆయన పానా పెట్టెలో పెట్టి, మొహం కడుక్కొస్తానని లేచారు. లోపల చాలాసేపు నీళ్ల చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి కూతుర్ని చాయ్ పెట్టమన్నారు.

విల్లీ సాబ్ మనసులో ఏముందో నేను రుజువు చెయ్యలేను. ఆయన వెళ్లేనాటికి ఆ లైనులో పార్సిళ్లు తీసుకోవడం ఆగిపోయి ఉండొచ్చు. మిగిలిపోయిన స్టాంపులను తండ్రి ఇస్తే దగ్గర ఉంచుకుని ఉంటాడు. పార్సిల్ పంపుతానని చెప్పడానికి మాట దొరక్క బొమ్మ చూపించి ఉంటాడు. నాకు తోచింది ఇదే, గౌస్ సాబ్‌తో కూడా ఇలాగే, బహుశా అనే చెప్పాను. ఆయన ఆ బహుశాను పట్టించుకోలేదు.

చాయ్ తాగాక నాకు ఏ స్టాంపు కావాలో ఆయనే అడిగారు. ఆకుపచ్చది చూపించి, కొంటానన్నాను. అమ్మడానికి తానేమీ కొనలేదు కదా అన్నారు. నీళ్లలో నానబెడితే బంక వదులుతుంది గానీ, వెలిసిన రంగు కూడా కదులుతుందని నాకు భయం. ఆ సంగతి చెబితే ఆయన ఫ్రేము వెనక మేకులు తీసి, రేకు కత్తెరతో స్టాంపు చుట్టూ అట్టను చతురస్రంగా కత్తిరించి ఇచ్చారు. మిగతా తొమ్మిదింటినీ మళ్లీ అద్దం కింద పెట్టి బిగించి, ఫ్రేము గోడకు తగిలించమన్నారు.

నసీమా నన్ను రోడ్డుదాకా దిగబెట్టింది. ఆమె మొహంలో ఊరట ఉంది గానీ అంతా ఊరటే కాదు. “ఇంటికి ఎవరొచ్చినా జర్మనీ పోత అనేటోడు. గదే ఆయన ముచ్చట,” అంది. “రేపటి సంది ఏం చెప్తడో.” సాయంత్రం రామగుండానికి తిరుగు ఆటో, అక్కడి నుంచి కాజీపేట రైలు సులువుగానే దొరికాయి. రైల్లో జనం ఎక్కువ. పెద్దపల్లిదాకా నిలబడే వచ్చాను, అట్టముక్క పుస్తకం మధ్యలో పెట్టుకుని.

ఇది జరిగి నెల దాటింది. మొన్న నసీమా ఫోన్ చేసింది. గౌస్ సాబ్ ఇప్పుడు టికెట్ల మాట ఎత్తడం లేదట. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లను ఆపి, రేకు పెట్టె తెరిచి, ఓడ మీద పార్సిల్ వచ్చిన రోజు గురించి చెబుతున్నాడట. వాళ్లు విసుక్కుంటున్నారని, తానే మధ్యలో ఆపాల్సి వస్తోందని అంది. ఆ ఫిర్యాదు చేసేటప్పుడు ఆమె గొంతు బాగానే ఉంది. ఊళ్లో ఇప్పటికీ ఆయన్ని జర్మనీ గౌస్ అనే పిలుస్తున్నారట.

స్టాంపును అట్టతోనే నా ఆల్బంలో పెట్టాను. బంక అంటినదానికి, వెనక కాగితం ఉన్నదానికి సేకర్తలు విలువ తగ్గించి చూస్తారు. అది నాకు తెలుసు. ఆ లైను వరస పూర్తయింది, చాలా ఏళ్లుగా కోరుకున్నది. అయినా పేజీ తెరిచినప్పుడు నేను చూసేది వరస కాదు. ఈ స్టాంపులు ఏ పార్సిల్ మీదా ఎక్కలేదు, ఒక్క రోజు కూడా రైలెక్కలేదు. అయినా వాటి వల్ల ఒక మనిషి ఇంకొక మనిషి తనకోసం ఎదురుచూస్తున్నాడని జీవితమంతా నమ్మాడు. ఇలాంటి వాటికి ఆల్బంలో ఏమని రాసుకోవాలో నాకు ఎవరూ నేర్పలేదు. అందుకే లైను పేరు, ధర, నంబరు రాసి, మిగతాది ఖాళీగా వదిలాను.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్లకు ఒక్క సలహా. పాత వస్తువు చూడటానికి ఎవరింటికైనా వెళ్తే, అదేమిటో మీరు చెప్పేముందు, ఇన్నాళ్లూ వాళ్లు దాన్ని ఏమనుకుంటున్నారో అడగండి. ఇంటర్నెట్‌లో వెతకడం ఆ తర్వాత కూడా చెయ్యొచ్చు.